తోడల్లుడికి పెంచిన శ్రుతి

ముందే చెప్పేస్తున్నాను, నేను ఆవగింజను గుమ్మడికాయ చేసే రకం. మా ఆవిడ నా మాటల్ని నాలుగుతో భాగించి వింటుంది. మీరూ అలాగే కానివ్వండి. మొన్న తిరుపతి బస్టాండు దగ్గర అలిపిరి వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. ముందు అద్దం నిండా నామాలు, ఊదొత్తి పొగ. స్పీకరులో మాత్రం యేసు పాట. పదిహేడు మంది ప్రయాణికులు, అందులో తొమ్మిది గుండ్లు, అందరూ తలలూపుతున్నారు. "ఎవరప్పా పాడింది?" అన్నాను, తెలియనట్టు. "పేరు తెల్దు సార్. ఏ దేవుడి పాటైతే ఏమి, ఆ గొంతు సూడండి, ఘాట్ రోడ్డు ఎక్కినట్టు ఎక్కతా ఉండాది!" అన్నాడు డ్రైవరు. ఆ గొంతు మా తోడల్లుడిది. ఆ ఘాట్ రోడ్డు వేసింది నేను.

చిత్తూరులో మా మామ చర్చి పాటల బృందానికి పెద్ద. క్రిస్మస్ ఉదయం ఆరాధనలో ఒక చరణం ఒక్కరే పాడాలి, తక్కినవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఏడేళ్లు ఆ చరణం నాది. హార్మోనియం పెట్టె వాయిస్తూ నేనే పాడుతుంటే వీధికుక్కలు సైతం మోకరించేవి. పెద్దల్లుడిగా నాకు దక్కిన ఆస్తి అదొక్కటే. అంతలో మా మరదలికి పెళ్లయింది. కొత్త అల్లుడు తొలి పండక్కి ఏది అడిగినా కాదనకూడదన్నది మామ ఇంటి ఆనవాయితీ. వాచీ అడుగుతాడనుకున్నాం. అతను సిగ్గుపడుతూ, "ఆ చరణం నేను పాడతా మామా" అన్నాడు. మామ నావైపు చూడనైనా లేదు. "పాడు అల్లుడా. పెద్దాయన పెట్టె వాయిస్తాడులే!" అన్నాడు.

ప్రాక్టీసులో అతను పాడింది ఒకటో శ్రుతిలో, చల్లారిన సంగటి లాంటి గొంతుతో. పండగ పొద్దున బృందం ఆగగానే నేను వేళ్లను అంతకంటే పైనున్న మూడో శ్రుతికి జరిపాను. రెండో వాక్యానికల్లా గొంతు చీలి మేకలా అరుస్తాడని నా లెక్క. అతను కళ్లు మూసుకుని అందుకున్నాడు. గొంతు చీలలేదు, విచ్చుకుంది. చర్చి పైకప్పు రెండంగుళాలు లేచింది. మామ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా ఏడేళ్లలో ఆ కళ్లద్దాలు ఒక్కసారీ ముక్కు దిగలేదు. "శ్రుతి ఎందుకు మారింది?" అని ఆయన అడిగితే, "వేలు జారింది మామా" అన్నాను. బయటికి రాగానే మా ఆవిడ, "ఏమయ్యా, మొగం అట్ల పెట్టుకోనుండావు? మా చెల్లెలి మొగుడు ఎంత బాగ పాడినాడు!" అంది. అప్పటినుంచి అతను ఆ శ్రుతి దిగలేదు. సభలయ్యాయి, రికార్డింగులయ్యాయి, యూట్యూబు అయింది, చివరికి నామాల ఆటో కూడా. ఆ పండగ రోజే భోజనాల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "అన్నా, నువ్వు శ్రుతి పెంచకుంటే నా గొంతు నాకే తెలిసేది కాదు" అని కన్నీళ్లు పెట్టుకున్నాడు.

కుక్కలూ పైకప్పూ కొంచెం అటూ ఇటూగా నిజమే. ఈ కన్నీళ్ల ముక్క మాత్రం పూర్తిగా నా కల్పన. అతను ఏనాడూ ఆ మాట అనలేదు. ప్రతి సభలోనూ సాక్ష్యం చెబుతాడు, "ఆ పొద్దు పెట్టె వాయించే మనిషి వేలు దేవుడే జార్చినాడు" అని. పెట్టె వాయించే మనిషట! నా పేరు చెప్పుకోవాలంటే ముందు నా బుద్ధి చెప్పుకోవాలి. పద్దెనిమిది క్రిస్మస్‌లుగా ఆ నిజం నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. కాలం అన్నిటినీ చల్లారుస్తుందని ఎవరో అన్నారు. ఆయనకు తోడల్లుడు ఉండి ఉండడు.