తెర మీద తీసిన కొలత

కెమెరా బ్యాగు మోసి మోసి కుడి భుజం ఎప్పుడో వంగిపోయింది. దానికి మందు రాసుకుంటాను. ఇది మాత్రం ఏ మందుకూ లొంగలేదు. ఇన్నేళ్లూ ఇంట్లో కూడా చెప్పలేదు. నా పేరు అడగకండి. వినండి, చాలు.

అప్పుడు నాకు నాచారంలో ఫోటో స్టూడియో ఉండేది. రీలు కెమెరాల చివరి రోజులు. కొత్తగా కొన్న కెమెరాలో స్పాట్ మీటరింగ్ ఉంది. అంటే ఫ్రేము మొత్తాన్ని కాకుండా, మనం చూపించిన చిన్న చోట పడే వెలుతురునే అది కొలుస్తుంది. ముఖం మీద కొలిస్తే ముఖం సరిగ్గా వస్తుంది. దాన్ని చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా వచ్చింది.

ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాలు. పెళ్లికూతురు సుజాత మా గల్లీ అమ్మాయే. నన్ను అన్నా అని పిలిచేది. చామనచాయ. జీలకర్ర బెల్లం వేళ ఇద్దరి మధ్యా తెర పట్టారు. తెర తీయగానే ఒకరినొకరు చూసుకునే ఆ చూపును ఫ్లాష్ లేకుండా, వీడియో లైటు వెలుగులోనే పట్టాలని నా సోకు. తెర తీశాక కొలుచుకునే తీరిక ఉండదని ముందే కొలిచి, ఆ కొలతనే బిగించి పెట్టుకున్నాను. దేని మీద కొలిచాను? లైటు పడి మెరిసిపోతున్న ఆ తెల్లటి తెర మీద. తెలుపు మీద కొలిస్తే మిగతాదంతా నల్లబడుతుందని నాకు తెలియదా? తెలుసు. తొందరలో బుర్ర పనిచేయలేదు. అంతవరకూ అది పొరపాటే.

తప్పు ఆ తర్వాత చేశాను.

ఫోటోలు చూడటానికి సుజాత, వాళ్ల అత్త స్టూడియోకి వచ్చారు. తెర తీసినప్పటి ఆ ఫోటోలో పెళ్లికొడుకు ముఖం మసకగానైనా తెలుస్తోంది. సుజాత ముఖం ఉండాల్సిన చోట చీకటి.

"ఏందయ్యా ఇది, పిల్ల కనబడ్తనే లేదు," అంది అత్త.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, సుజాత వైపు చూడకుండా అన్నాను. "పిల్ల రంగు జర తక్కువ గదమ్మా. కెమెరా ఏం జేస్తది?"

"గదే నేను మొదటి నుంచి అంటున్న," అంది అత్త.

సుజాత ఆల్బం మూసేసింది. కొలత తప్పింది నాదేనని చెబితే ఏం పోయేది? కొంచెం పరువు. దానికోసం ఆ పిల్ల ముఖాన్ని వాళ్ల అత్త నోటికి అప్పగించాను.

కొన్నేళ్లకు మేడిపల్లిలో వాళ్ల బాబు పుట్టినరోజుకు నన్నే పిలిచారు. ఎందుకు పిలిచారో, నేనెందుకు వెళ్లానో. అందరూ కేకు చుట్టూ నిలబడ్డారు. సుజాత దూరంగా గోడ పక్కన ఉంది. రమ్మన్నాను.

"వద్దన్నా. నేనొస్తే ఫోటో ఖరాబైతది. నువ్వే అన్నవ్ గదా," అంది.

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది. బాబు అమ్మా అమ్మా అని చెయ్యి చాస్తూనే ఉన్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా బటన్ నొక్కాను. ఆ పిల్లవాడి పుట్టినరోజు ఫోటోల్లో తల్లి లేదు.

అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? నలుగురిలో ఎలా అనుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపుల్లోనే స్టూడియో మూతపడింది, నా జుట్టు నెరిసింది. ఆమెతో చెప్పాల్సిన మాట మీతో చెబుతున్నాను. నాకు కాస్త ఊపిరాడుతోంది. ఆమెకేం ఒరిగింది?

సుజాతా, నీ ముఖంలో ఏ లోపమూ లేదు. నేనసలు నీ ముఖం మీద కొలవనే లేదు.