ఆ ఒక్క మరక చెరపలేదు

నాకు పెళ్ళయిన కొత్తలో మాచర్లలోని ఒక ఫోటో స్టూడియోలో ఆల్బమ్‌లు ఎడిట్ చేసేదాన్ని. ఒకసారి వానలో జరిగిన పెళ్ళి ఫోటోలు వచ్చాయి. గ్రూప్ ఫోటోలో అందరి బట్టల మీదా చినుకుల మరకలే! వాటిని చెరిపేసి, చనిపోయిన తన భర్తను కూడా కూతురి పక్కన నిలబెట్టమని పెళ్ళికూతురి తల్లి నాగమ్మగారు అడిగారు. మాకిది మామూలే. ఆమె ఇచ్చిన పాత ఫోటోలో ఆయన తెల్లచొక్కా శుభ్రంగా, పొడిగా ఉంది.

పొద్దుటినుంచి కూర్చుని ఆయన్ని కూతురి పక్కన చేర్చి, ఒక్కో మరకా తుడిచాను. మధ్యాహ్నం నాగమ్మగారు వచ్చాక ఫోటో పెద్దది చేసి చూపించాను. అందరి బట్టలూ పొడిగా ఉన్నాయి. ఆయన ఎడమ భుజం మీద మాత్రం అరచేతి మేర తడి!

మరక చెరపాలంటే పక్కనున్న బట్టను, రంగుతో సహా, తీసుకుని దాని మీద అద్దుతాం. పొరపాటున ఎవరిదో తడిసిన చోటు ఆయన మీద అద్దాననుకున్నాను.

"తప్పయింది పిన్నీ, ఇప్పుడే తీసేస్తా" అంటూ మౌస్ పట్టుకున్నాను.

ఆమె నా చెయ్యి ఆపేశారు. "ఆయన ఎట్టా పోయాడో నీకెవరు చెప్పారమ్మాయ్?"

"నాకేం తెలీదు పిన్నీ."

"క్వారీలో ఆయన మీద బండ పడింది. అప్పుడు చానా వాన. ఒళ్ళంతా బండ కిందేగా, ఆ భుజమొక్కటే తడిసింది. ఉండనియ్యి."

అలాగే ప్రింట్ తీశాను. నా పొరపాటేనని ఎన్నోసార్లు సర్దిచెప్పుకోబోయాను. కానీ ఆ తడి కూడా తెల్లబట్ట మీదిదే; ఆ ఫోటోలో తెల్లబట్టలు వేసుకున్నది ఆయనొక్కరే.