తాడు మీద నేను, కింద ఇద్దరు డైరెక్టర్లు

మొన్న పొద్దున తార్నాకలో మా అపార్ట్‌మెంటుకు రంగులు వేసేవాళ్లు వచ్చారు. నేను బాల్కనీలో చాయ్ తాగుతుండగా, తాడుకు కట్టిన చెక్క మీద కూర్చుని ఒక పెయింటర్ మా కిటికీ ముందుకు దిగాడు. డాబా మీదివాడు తాడు వదులుతున్నాడు, కింద నిలబడ్డ మేస్త్రీ ఇంకింత దించమంటున్నాడు, అంతలో మా అసోసియేషన్ సెక్రటరీ గేటు దగ్గరి నుంచి ఆపు ఆపు, ముందు పైపుల పక్కన కొట్టించు అని కేకేశాడు. అంతే, చాయ్ కప్పు పట్టుకునే లేచి నిలబడ్డాను. ఒక్కరే చెప్పండయ్యా, ఇద్దరు చెప్పకండి అని నేను ఎంత గట్టిగా అరిచానంటే, తాడు మీదివాడు నన్ను చూసి జడుసుకున్నాడు. లోపలి నుంచి మా ఆవిడ వచ్చి, "ఏందయ్యా, ఇంకా షూటింగ్‌లనే ఉన్నవా?" అని కప్పు లాక్కుని పోయింది.

నా ఈడువాళ్లు నమ్మినా నమ్మకపోయినా, మన హైదరాబాదు ఆకాశంలో ఎగిరిన మొదటి సినిమా హీరోను నేనే. నీలం సూటు, భుజాల వెనక ఎర్ర గుడ్డ, కళ్లు తప్ప ముఖమంతా కప్పేసిన ముసుగు. యూనివర్సిటీలో ఆ పెద్ద రాతి భవనం మీది నుంచి లేచి, చెట్ల కొనలు తాకుతూ, హబ్సిగూడ దాకా కనపడేటంత ఎత్తున తేలాను. సరే, కొంచెం తగ్గించుకుంటాను. హబ్సిగూడ అన్నది ఎక్కువైంది. హీరో అన్నది ఇంకా ఎక్కువైంది. నేను ఆ సూటులో దూరిన డూపును మాత్రమే.

ఎట్లా దూరానంటే, మా మేనమామ ఆ సినిమాకు బట్టలు కుట్టేవాడు. హీరో ఎవరో తేలకముందే డైరెక్టరు ఒక సన్నని మనిషిని ఊహించుకుని సూటు కుట్టించేశాడు. తీరా నిర్మాత తన బామ్మర్దిని తెచ్చి హీరోగా నిలబెట్టాడు. ఆయనది మంచి భోజనప్రియుడి శరీరం. సూటు తొడ దగ్గరే ఆగిపోయింది, బొంబాయి నుంచి తెప్పించిన ఆ సాగే గుడ్డ మళ్లీ దొరికేది కాదు. అందుకని ఎగిరే సీన్లకు ఆ సూటులో పట్టేవాడెవడా అని మా మామ వెతికి, మల్కాజ్‌గిరి వ్యాయామశాలలో పొద్దున దండీలు తీసి మిగతా రోజంతా ఉద్యోగం కోసం తిరుగుతున్న నన్ను పట్టుకొచ్చాడు.

డైరెక్టరు రాసుకున్న కథ చాలా మంచిది, ఈ మాటలో మాత్రం పెంచి చెప్పిందేమీ లేదు. ఎగిరే శక్తి వచ్చిన ఒక లెక్చరర్‌కు ఎత్తంటేనే భయం. ఆ భయం ముసుగులోంచి కళ్లలో కనపడాలి, సినిమా అంతా దాని మీదే నిలబడాలి అనేవాడాయన. నిర్మాతకు అది మింగుడుపడలేదు. హీరో భయపడితే ఈలలు ఎవడు వేస్తాడు, ముసుగేస్తే మా బామ్మర్ది ముఖం ఎవడు చూస్తాడు అని ఆయన గోల. రోజూ సాయంత్రం ఆయన మనుషులు ఆ రోజు తీసిన రీళ్లు చూసేవారు, తెల్లారేసరికి కథ మారిపోయేది. లెక్చరరు విద్యార్థి నాయకుడయ్యాడు, నాయకుడికి ఒక చెల్లెలు వచ్చింది, చెల్లెలికి ఒక పాట వచ్చింది. చివరికి ఇద్దరికీ మాటలు బందై, మెడలో టేపు వేసుకుని మా మామే ఆ కుర్చీకీ ఈ కుర్చీకీ కబుర్లు మోసేవాడు. "ముసుగు తియ్యనంటున్నడు సార్" అని నిర్మాతకు చెప్తే, "అయితే నువ్వే కత్తెర పెట్టు, నీ దగ్గర ఉన్నది గద!" అని ఆయన జవాబు.

అది చాలదన్నట్టు నిర్మాత సినిమా ఎడిటరును తెచ్చి, ఎగిరే సీన్లు ఇకమీద ఈయన తీస్తాడని ఇంకో కుర్చీ వేయించాడు. పాత డైరెక్టరు లేవలేదు. కొత్తాయన కూర్చున్నాడు. ఇద్దరి చేతుల్లోనూ మైకులు.

తాడు పని ఎట్లా నడుస్తుందో చెప్పాలి. లాగేవాళ్లు డాబా మీద, పిట్టగోడకు అవతల ఉంటారు. వాళ్లకు నేను కనపడను, కింద జరిగేదీ కనపడదు. యాక్షన్ అని వినపడితే లాగుతారు, కట్ అని వినపడితే మెల్లగా దించుతారు. నా నడుముకు రెండు పక్కల రెండు తాళ్లు, ఒక్కో తాడుకు ఒక్కో జట్టు. ఎక్కడైనా ఆ మాట చెప్పేది ఒక్కరే కాబట్టి, ఇద్దరు చెప్తే ఏమవుతుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాకు వచ్చింది. కానీ కొత్తవాణ్ణి, ఎవరిని అడగాలి? బెల్టు బిగిస్తూ మామ రెండు కుర్చీల వైపూ మార్చి మార్చి చూడడం గమనించి, ఆయనకూ వచ్చిందని తెలిసి, ఇంకా హడలిపోయాను.

డైరెక్టరు యాక్షన్ అన్నాడు. నేను లేచాను. గాలిలో కదలకుండా వేలాడుతూ కిందికి చూడడమే ఆయన షాటు. మెట్లూ, మనుషులూ, మామ బట్టతలా చిన్నవై పోతున్నాయి. కొత్తాయనకు ఓపిక లేదు. "కట్! కట్! ఈ వేలాడుడు మాకెందుకు?" అన్నాడు. "ఎవడ్రా అది? నా షాటుకు కట్ చెప్పేదెవడు? యాక్షన్!" అని డైరెక్టరు గర్జించాడు. ఎడమ జట్టు కట్ విని వదిలింది, కుడి జట్టు యాక్షన్ విని లాగింది. నేను గిర్రున తిరిగి తలకిందులయ్యాను.

బెల్టు పక్కటెముకల మీదికి జారి ఊపిరి ఆడలేదు. చెవి పక్కనే సూటు కుట్లు పటపటమని తెగుతున్నాయి. పైనున్న తాడు మేస్త్రీ బెదిరిపోయి రెండు జట్లనూ ఆపేశాడు. "ఎవల మాట వినాల్నో ఒక్కరు చెప్పుండ్రి! అప్పటిదాంక తాడు కదలది!" అని ఆయన అరుపు నాకు స్పష్టంగా వినపడింది. కింద ఒక్కరూ నోరు విప్పలేదు. కొత్తాయన చెవిలో నిర్మాత, మీరు చెప్పకండి, చెడగొట్టింది ఆయనేనని తేలనీయండి అంటున్నాడట, తరవాత తెలిసింది. ఇక డైరెక్టరు సంగతి నాకే కనపడుతోంది. ఆయన కెమెరా తిరుగుతూనే ఉంది. నెలల తరబడి అడిగిన భయం అప్పుడు నా కళ్లలో దొరికిందాయనకు, దాన్ని వదులుకోలేక చూస్తూ ఉండిపోయాడు. తాడు కన్నా, నేల కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ చూపే.

పెళ్లిళ్లలోనూ, క్యాంపస్‌లో నాతో వాకింగ్ చేసే పెద్దమనుషుల దగ్గరా ఈ కథ చెప్పినప్పుడల్లా, ఇక్కడ నేనే సింహంలా కట్ అని గర్జించాననేవాణ్ణి. లేదు. అమ్మా అనడానికి కూడా నాకు ఊపిరి చాలలేదు. రెండు కుర్చీల మధ్య దూరి మైకు లాక్కుని "కట్! దించుండ్రి! మా అక్క కొడుకుర వాడు!" అని ఏడుస్తూ అరిచింది మా మామ. రెండు జట్లూ ఒక్కసారే కదిలాయి.

నేను నేల మీదికి వచ్చాను. అన్ని నెలల్లో మొదటిసారి ఇద్దరు డైరెక్టర్లకూ ఒక్క మాట మీద పొత్తు కుదిరింది. బట్టలు కుట్టేవాడు కట్ చెప్పడమేమిటని మామను ఆ పూటే పంపించేశారు. ఆయన వాళ్ల వైపు చూడను కూడా లేదు. సూటు విప్పే ఓపిక లేని నన్ను అట్లాగే ఆటో ఎక్కించి, తార్నాక చౌరస్తాలో జనం వేళ్లు చూపి నవ్వుతుంటే, ఎర్ర గుడ్డ నా చుట్టూ కప్పి ఇంటికి తెచ్చాడు.

సినిమా వచ్చింది. ఎవరి కథా మిగలలేదు. మామా నేనూ మొదటాటకు వెళ్లాం. కొత్తాయన నా తలకిందుల షాటును డప్పుల సంగీతం పెట్టి కామెడీగా వాడుకున్నాడు. తెర నిండా గోడంత నా కళ్లు, హాలు నిండా నవ్వులు. నేనూ నవ్వాను, నవ్వకపోతే అది నేనేనని పక్కవాళ్లకు తెలిసిపోతుందేమోనని. మామ మాత్రం నవ్వలేదు. చీకట్లో నా చెయ్యి పట్టుకుని ఆ షాటు అయ్యేదాకా వదల్లేదు. వారం తిరగకుండా హాళ్లలోంచి సినిమా లేచిపోయింది. తప్పు ముసుగుదని నిర్మాతా, కత్తెరదని డైరెక్టరూ బతికినన్నాళ్లూ అన్నారు.

మామ బౌద్ధనగర్‌లో పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటి సినిమాల్లో మనుషులు మబ్బుల మీద యుద్ధాలు చేస్తారు, ఎవరినీ ఏ తాడుకూ కట్టనక్కరలేదట, అంతా కంప్యూటరే చేస్తుందట. మంచిదే, ఎవరి ప్రాణం మీదికీ రాకపోవడం కన్నా కావలసిందేముంది. మనవలు సరదాపడి నన్నూ మల్టీప్లెక్సుకు తీసుకుపోతారు. తెర మీద ఎవడో అంత ఎత్తున గాలిలో ఆగి కిందికి చూస్తాడు, హాలంతా చప్పట్లు. నేను మాత్రం మెత్తని సీటు పక్కన చీకట్లో ఒక చెయ్యి కోసం తడుముకుంటాను. కూల్‌డ్రింక్ గ్లాసు పెట్టుకునే చల్లటి గుంట తగులుతుంది.