రోజూ లేచి నిలబడిన పిల్ల

మా ప్రవల్లికకి నోరు లేదని చుట్టాలందరి నమ్మకం. నోరుంది. తెరవడానికే మొహమాటం. పదిమందిలో దాహమేసినా మంచినీళ్ళడగదు. సిటీకి పంపితే కాస్త ధైర్యం వస్తుందని విశాఖలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేర్పించాను. చోడవరం బస్టాండు ఎదురుగా నాది టిఫిన్ బండి. పొద్దున్నే పిల్ల అక్కడే బస్సెక్కేది, సాయంత్రం అక్కడే దిగేది.

బస్సులో రెండు గంటలూ బొమ్మలు వేసుకునేది. చిన్న ఊరి నుంచి పెద్ద సిటీకి చదువుకెళ్ళిన ఒక భయస్తురాలి కథ. పేజీకి ఆరు గళ్ళు, గడికో బొమ్మ. గ్రాఫిక్ నావెల్ అంటారట.

నవంబరులో నా ఫోనుకి మెసేజ్ వచ్చింది. హాజరు నలభై శాతమే ఉంది, డెబ్భై అయిదు ఉంటేగానీ హాల్ టికెట్ ఇవ్వరట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"రోజూ బస్సెక్కి ఎక్కడికెల్తన్నావే? సినిమాలకా, బీచికా?"

"క్లాసుకే అమ్మా."

"మరి ఈ ఆబ్సెంట్‌లేటి?"

"సారు పేరు పిలిస్తే లేచి నిలబడతన్నానమ్మా. రోజూ నిలబడ్డాను."

అప్పుడర్థమైంది నాకు. రోలుగుంట దగ్గర మా ఊరి బడిలో అదే పద్ధతి. పేరు పిలవగానే చేతులు కట్టుకుని లేచి నిలబడాలి, సారు తలెత్తి చూసి టిక్కు పెట్టుకుంటాడు. నోరెత్తితే పొగరనేవారు. నేనూ అక్కడే చదివాను. యూనివర్సిటీలో క్లాసుకి తొంభై మంది, గట్టిగా పలకాలి. సంతకం పెట్టించుకునే క్లాసుల్లో మాత్రమే దీని హాజరు పడింది.

మర్నాడు బండి కట్టేసి దానితో వెళ్ళాను. క్లాసు ఇన్‌చార్జి శ్యాంప్రసాద్ సారు అంతా విని, "రోజూ వచ్చిందనడానికి రుజువేంటమ్మా?" అన్నాడు. ప్రవల్లిక సంచిలోంచి బొమ్మల పుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది. నేనూ అప్పుడే చూడడం. ప్రతి రోజూ తారీకుతో సహా ఉంది. బోర్డు మీద రాసిన పాఠం, వెనక బెంచీలో చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్ల, ముందు రిజిస్టరు మీదికి వంగిన బట్టతల. ఏ బొమ్మలోనూ సారుకి మొహం లేదు.

"నా మొహం వెయ్యలేదేం?" అన్నాడాయన.

"మీరు తలెత్తలేదు కదండీ," అంది మా పిల్ల. గదంతా వినపడింది.

ఆయన ఒక్కో పేజీ తిప్పి చూశాడు. మనసు కరిగిందనుకున్నాను. "జాబితా పైకి వెళ్ళిపోయిందమ్మా. నా చేతుల్లో లేదు. ఈ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సిందే," అన్నాడు చివరికి. నాలుగు నెలల నిద్ర, నాలుగు నెలల బస్సు తిప్పలు, అంతా గంగలో కలిసింది. దెబ్బలాడే ఓపిక కూడా నాకు మిగల్లేదు.

తిరుగు బస్సులో సీటు దొరకగానే ప్రవల్లిక నా భుజం మీద నిద్రపోయింది. ఆ సారుని తిట్టుకుంటూ పుస్తకం తిరగేశాను. కథలో ప్రతి రోజూ ఆ పిల్ల చోడవరంలో బస్సు దిగడంతో ముగుస్తోంది. ఆఖరి గడిలో పెనం ముందు ఒక ఆడమనిషి వీపు, చెమటకి తడిసిన జాకెట్టు, జారిపోయిన ముడి. వెనకాల సంచితో నిలబడి ఏదో చెప్పబోతున్న పిల్ల. ఆగస్టు తిప్పాను, సెప్టెంబరు తిప్పాను, అక్టోబరు కూడా తిప్పాను. ఒక్క గడిలోనైనా నేను ఇటు తిరగలేదు.