రహమత్‌బీ దాచిన మాడు

స్పెయిన్ అంటే ఒక దేశమని నేను పదేండ్లు నమ్మినా. ఆ నమ్మకం చెడగొట్టింది వాళ్ళ తిండి.

కళ్యాణదుర్గంలో పల్లెలకు సాయం చేసే స్పెయినోళ్ళ ట్రస్టు గెస్ట్‌హౌస్ ఒకటి ఉండాది. దానికి నేను డ్రైవర్ని, పేరు తిప్పేస్వామి. వంట రహమత్‌బీ అక్కది. మొగుడు పోయినాక పందొమ్మిదేండ్లు ఆ పొయ్యి కాడే నిలబడి, కూతురు సుహానాను నర్సు చదువు దాకా తెచ్చింది. అక్కకు అక్షరం రాదు గానీ స్పెయిన్ జిల్లాల వారీగా తెలుసు. దక్షిణమోళ్ళకు ఎండాకాలం టమాట, తెల్లగడ్డ, రొట్టె రుబ్బి చల్లగా తాగేదానికి ఇయ్యాల. ఉత్తరమోళ్ళు సముద్రపు చేప లేదంటే మొగం వేలాడేస్తారు. ఉర్లగడ్డ అట్టులో ఎర్రగడ్డ వెయ్యాలని సగం మంది, వేస్తే పాపమని సగం మంది. అక్క రెండట్లు పోసి టేబులు మీద దూరందూరంగా పెడ్తాది.

"ఏం మనుషులక్కా వీళ్ళు?" అంటే, "టమాట, మిరప, ఉర్లగడ్డ యాడో సముద్రాల అవతల్నుంచి తెచ్చుకున్నవేనంట. బియ్యం, కుంకుమపువ్వు అరబ్బులు తెచ్చినారంట. తెచ్చుకున్న వాటి మీద ఇంత కొట్లాటేందప్పా!" అనింది.

పోయిన మార్చిలో రాఘవేంద్ర సార్ కొత్త మేనేజరుగా వచ్చినాడు. బెంగళూరులో హోటల్ కోర్సు చేసిన వంటాయన్ను పెట్టుకోవాలని ఆయన ఆశ. "వలెన్సియా నుంచి అంపారో మేడమ్ వస్తాంది. వాళ్ళ ఊరి అన్నం వండు. బాగలేదనిందంటే ఈ నెలతో సరి" అని అక్క మొగం మీదే చెప్పినాడు. సుహానాకు ఇంకా ఏడాది చదువు ఉండాది. నాకు ఒళ్ళు మండింది. జీతగాణ్ణి కదా, మండించుకోని ఊరుకున్నా.

వలెన్సియా వాళ్ళు ముందెప్పుడూ రాలేదు. అక్క ఆ అన్నం వండటం అదే మొదలు. ఎట్లా వండాల్నో సార్ ఒక కాగితంలో చూసి చదివి చెప్పినాడు. వెడల్పు పెనం, కుందేలుకు బదులు నాటుకోడి, వాళ్ళ గింజలకు బదులు మన అనపగింజలు. బియ్యం పోసినాక గరిటె పెట్టకూడదంట. అక్క పెట్టలేదు. ఇంగేముంది, అడుగంటింది.

మాడు వాసన రాంగానే అక్క పొయ్యి ఆర్పేసింది. మన ఇండ్లల్లో మాడు చుట్టాలకు పెడ్తారా? వండినామె తింటాది, ఎవరూ చూడకుండా. పైపైన అన్నం తట్టలోకి తీసి, పెనాన్ని బోకులు తోమే చోట బోర్లించింది.

అంపారో మేడమ్ నాలుగు ముద్దలు తిని, తట్టను అటూ ఇటూ తిప్పి చూసి ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"అడుగు మాడిందా అంటాంది" అని సార్ చెప్పినాడు.

"అల్లా సాక్షి, ఒక్క మెతుకు మాడలేదు!"

మేడమ్ స్పూను కింద పెట్టేసింది. సార్ మొగం వెలిగింది. ఆమె మళ్ళీ అడిగింది. అక్క కూతురి మీద ఒట్టేసి మరీ మాడలేదనింది. అక్క ఒట్లు పెరిగేకొద్దీ మేడమ్ మొగం వాడిపోతాంది. మాడలేదంటే సంతోషపడాల గదా, ఇదేం మనిషి అనుకున్నా. ఈమెకు కావాల్సింది మాడేనేమో అని తోచి, ఉండబట్టలేక పెనం ఎత్తుకొచ్చి టేబులు మీద పడేసి, "మాడింది తల్లీ! బాగా మాడింది!" అని అరిచినా.

అక్క నన్ను చంపేసేలా చూసింది. మేడమ్ మాత్రం కేక పెట్టి పెనం మీద పడింది. ఆ మాడు కోసమే వాళ్ళూర్లో ఈ అన్నం వండుతారంట. దానికోసం అన్నదమ్ములు తన్నుకుంటారంట. గీకి గీకి అంతా తినేసి, అక్క రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకోని, ఈమె కన్నా బాగా వండేవాళ్ళు మా ఊర్లోనే తక్కువని చెప్పింది. సార్ ఆ మాట మాకు చెప్పడానికి చానాసేపు పట్టింది.

ఉద్యోగం నిలబడింది. సాయంత్రానికి వంటింటి బోర్డు మీద సార్ రాసినాడు: మాడు అతిథులకే.

అక్కకు చదివి వినిపించినా. పనిపోతాదన్నప్పుడు కూడా ఏడ్వని మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది.

"పెండ్లయినప్పట్నుంచీ మాడు నాదేనప్పా" అనింది. "నాకు అదే ఇష్టమని ఎవరికీ చెప్పలేదు. చెప్తే అది కూడా మిగల్చరని."