మిర్చి గోదాములో మునిగిన నా నార్వే చదువు

చేతికందిన విదేశీ చదువును చేజేతులా ఎలా తగలేసుకున్నానో చెబుతాను. నవ్వితే నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అప్పుడు అగ్రికల్చర్ బీఎస్సీ మూడో ఏడు. ఒక సెమిస్టరు నార్వేలో చదివే అవకాశం కాలేజీ మొత్తంలో ఒక్కరికే, అది నాకు దాదాపు ఖాయం. ఎంపిక రోజు మధ్యాహ్నం వీడియోకాల్‌లో అక్కడి ప్రొఫెసరమ్మతో "వస్తాను" అంటే చాలు. ఇంట్లో "నీ ఇష్టం" అనేశారు. అదే నా కష్టం! మా ఊరు కారేపల్లి ఎండలో వేగిన ప్రాణం, ఆ చలికి ఆగుతుందా?

తేల్చుకోవడానికి ఆ పొద్దున నాకు తట్టిన చోటు ఖమ్మంలో మా మేనమామ సూపర్‌వైజర్‌గా ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీ.

"మామా, గంటసేపు లోపల కూసుంట."

"ఏంది? నువ్వేమన్న మిర్చి బస్తావా?"

"చలికి ఆగుతనో లేదో చూస్కోవాలె."

"గట్లనా! సరే గని, చేతులు మొహానికి పెట్టకు బిడ్డా."

విన్నానా? గంట గడిచింది. వణికాను గానీ చావలేదు. నార్వే అయినా గీర్వే అయినా వెళ్లాల్సిందే! ఆ విజయగర్వంతో బయటికొచ్చి, బస్తాల మీద పొర్లిన చున్నీతో ముక్కు తుడుచుకున్నాను. ముక్కుతో ఆగానా? కళ్లు కూడా!

అప్పుడే నార్వే వీడియోకాల్ మోగింది. భద్రాచలం దగ్గర గోదావరికి ఇచ్చే మూడో ప్రమాద హెచ్చరిక నా కళ్లకూ ఇవ్వాల్సిన పరిస్థితి.

"ఎందుకేడుస్తున్నావు? రావడం ఇష్టం లేదా?" అని ఇంగ్లీషులో అడిగింది ప్రొఫెసరమ్మ.

"అది కాదు మేడం! చిల్లీ, చిల్లీ!" అని వెక్కాను. మిరపకాయా చిల్లీయే, చలిగా ఉండటమూ చిల్లీయేనట! అంత పెద్ద భాషకు ఇంకో మాట కరువైందా?

"నిజమే, ఇక్కడ చలి ఎక్కువే," అందావిడ జాలిగా.

"నో! చిల్లీ ఇన్ మై ఐస్!"

నేనన్నది కళ్లు. ఆవిడ విన్నది మంచుగడ్డ. పక్కనుంచి మామ, "జల్దీ కళ్లు కడుక్కో!" అని అరిచాడు. ఆ అరుపు అర్థం కాక ఆవిడ కంగారుగా ఫోన్ పెట్టేసింది.

సాయంత్రానికి మెయిల్. చలిని తలుచుకుంటేనే ఇంతగా ఏడ్చే అమ్మాయిని రప్పించడానికి వాళ్ల మనసొప్పలేదట! సీటు మా క్లాసులోనే ఉన్న వైరా ఊరి కుర్రాడికి పోయింది. ఫ్యాను అయిదులో పెడితే స్వెట్టర్ వేసుకునే మహానుభావుడతను!

మా కాలేజీ మేడమేమో, "ఇష్టం లేకుంటే లేదని చెప్పరాదె? గంత ఏడ్సుడెందుకు?" అని నన్నే తిట్టింది.

అందుకని సమస్త మిర్చి రైతుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై బతుకులో ఎంత పెద్ద నిర్ణయమైనా తీసుకుంటాను గానీ, తీసుకున్నాక ముక్కు మాత్రం తుడుచుకోను.