ఎస్తేరు లాగిన గాజు మొనలు

ఈ కొరాపుట్ కొండల్లో నాడీకణం పలికే చప్పుడు మొట్టమొదట పట్టినవాణ్ణి నేనే. ఏళ్లతరబడి ఈ మాట చెప్పుకుని పెద్దమనిషినయ్యాను. దాని అడుగున ఒక బరువుంది. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ముందు ఆ మొదటి వాక్యం కొట్టేయండి. పట్టింది ఎస్తేరు. నేను ఫ్యాను ఆపాను.

ఇద్దరం ఒక కాలేజీ ల్యాబులో సహాయకులం. వానలకి కుందుర ఊరి పొలాల్లో నత్తలు ఏరుకొచ్చేవాళ్లం. నత్త నాడీకణాలు పెద్దవి. ఒక కణంలోకి గాజు మొన దింపితే, లోపలి విద్యుత్తు మిషను తెరమీద గీతై ఎగిరేది, స్పీకర్లో టక్ టక్ మనేది. ఆ మొన చేయడమే అసలు విద్య. గాజు గొట్టాన్ని మంటమీద కాచి లాగితే, కంటికి ఆననంత సన్నగా సాగి తెగుతుంది. అందులో ఉప్పునీళ్లు నింపాలి. తర్వాత అది దేనికీ తగలకూడదు. ఎస్తేరువి దిగేవి. నావీ దిగేవి, అప్పుడప్పుడు.

ఫ్యాను గాలికి కూడా మొన వణుకుతుంది. అందుకే అన్నీ ఆపి, కిటికీ పరదాలు దించి, ఉక్కలో కదలకుండా కూర్చునేవాళ్లం. తెరమీది పచ్చటి వెలుగు ఆమె చెంపమీద పడేది. చప్పుడు మొదలవగానే నవ్వేది. నన్ను చూసి కాదు, నత్తని చూసి. ఆ నవ్వు పక్కన ఇంకొక్క మధ్యాహ్నం కూర్చోనిస్తే చాలు. ఇంత వయసొచ్చినా ఆ కోరిక చావలేదు.

ఒక పెద్ద పరిశోధనశాల నుంచి ఒకాయన వస్తున్నాడని తెలిసింది. పని నచ్చితే ఎస్తేరుని తీసుకుపోతాడు. ముందురోజు మొనలన్నీ పెట్టెలో మైనానికి గుచ్చి, నా చేతికిచ్చింది.

"రేపు దిగితే ఎల్లిపోతాను. ఎవుర్నీ ముట్టుకోనీకు."

"నేనుండగా ఎవుడు ముట్టుకుంటాడు?" అన్నాను.

మర్నాడు ఆయన టీ తాగుతుండగా పెట్టె తెరిచి, ఒక్కొక్క మొననూ నా గోటికి ఆనించాను. అంతే. విరిగినట్టు కూడా తెలియదు. గుచ్చిన కణమల్లా చచ్చింది. గీత లేవలేదు. ఎస్తేరు కొత్తవి లాగబోయింది. మొదటిసారి ఆమె లాగిన గాజు వంకరగా తెగడం చూశాను. ఆయన గడియారం చూసుకుని లేచాడు.

ఆమె బిస్సం కటక్‌లో బడిపంతులమ్మగా చేరింది. మళ్లీ గాజు ముట్టలేదట.

ఎందుకు చేశాను? ఆమె మీద ఇష్టంతో, ఆమె లేని ఆ గదిని ఊహించుకోలేక. మరి అంత ఇష్టమున్నవాణ్ణి, ఉండిపొమ్మని ఒక్కమాట ఎందుకు అడగలేదు?

ఇక్కడిదాకా రాసి, బస్సెక్కి వెళ్లి ఎస్తేరుకే ఇచ్చాను. వరండాలో కూర్చుని రెండుసార్లు చదివింది. ఆమె చదువుతుంటే, సిగ్గులేకుండా, నా గుండె తేలికపడింది. కాగితాలు తిరిగి నా ఒళ్లో పెట్టింది.

"ఇష్టంతో అని రాసేవేటి? అది కొట్టీ. నీ మొన ఒక్కటీ ఏనాడూ దిగలేదు. ఆయన నిన్ను రమ్మనలేదు. అందుకు ఇరిసేవు."